శంకరాభరణం: వన్నె తరగని సంగీత చిత్రం

చలనచిత్రం స్వభావరీత్యా అల్పాయుష్షు గల కళ. విడుదలైన వారంలో ఊరంతా చెప్పుకున్న చిత్రాన్ని మరుసటి సంవత్సరం తలచుకునేవారు అరుదు. అందులోనూ సంగీతాన్నే ఆధారం చేసుకున్న చిత్రానికి గండం మరీ ఎక్కువ. కథల మీది అభిరుచి కంటె పాటల మీది అభిరుచి త్వరగా మారుతుంది గదా! తండ్రి చెవికి ఇంపుగా తోచిన బాణీ కుమారునికి పాతబడినట్లు వినిపిస్తుంది. అయినను ఈ సామాన్య సూత్రానికి లొంగక, తరాలు మారినా ఆదరణ కోల్పోని సంగీత చిత్రాలు ప్రపంచంలో కొన్ని ఉన్నవి. ఆంగ్లంలో 1965లో వచ్చిన ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అట్టిది. తెలుగులో 1980 ఫిబ్రవరి 2వ తేదీన విడుదలైన ‘శంకరాభరణం’ అట్టిది. ఈ రెండవ చిత్రం నేటికీ ఎందుకు జీవించి ఉన్నదో, మొదటి దానిని తోడు చేసుకొని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు మమ్ము పురికొల్పిన కారణం మరొకటి ఉన్నది. ఈ సంచికలో ఉర్దూ పుటలు, తెలుగు పుటలు ఒకే అట్టల నడుమ ఇమిడి ఉన్నవి. సంగారెడ్డి నుండి పోతిరెడ్డిపల్లి చౌరస్తా మీదుగా పటాన్‌చెరు వరకు సాగే ఈ పారిశ్రామిక ప్రాంతంలో ఇంట ఒక భాష, తరగతిలో మరొక భాష, కర్మాగారంలో ఇంకొక భాష వినడం మనకు నిత్యకృత్యం. ఇట్టి చోట చదువుకునే విద్యార్థి, “ఇది ఒక శాస్త్రిగారి కథ, కర్ణాటక సంగీతం కథ; ఇందులో మాకేమున్నది?” అని అడగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానం ఆ చిత్రంలోనే ఉన్నదని మా అభిప్రాయం.

నిర్మాణ విశేషాలు

‘శంకరాభరణం’ చిత్రాన్ని పూర్ణోదయా సంస్థ పక్షాన ఏడిద నాగేశ్వరరావు నిర్మించగా, కె. విశ్వనాథ్ దర్శకత్వం వహించారు. సంభాషణలు జంధ్యాల, పాటలు వేటూరి సుందరరామమూర్తి, సంగీతం కె.వి. మహదేవన్, ఛాయాగ్రహణం బాలు మహేంద్ర. ప్రధాన పాత్ర ధరించిన జె.వి. సోమయాజులు ప్రసిద్ధ కథానాయకుడు కాదు. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం చేస్తూ రంగస్థలంపై గురజాడవారి ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులుగా పేరు పొందిన నటుడు. యాభై దాటిన కథానాయకుడు, యుగళగీతం లేని నాయిక, పోరాటాలు లేని కథ. ఆ రోజుల వ్యాపార దృష్టితో చూస్తే ఇది సాహసమే. మొదట హాళ్లలో జనం పలుచగా ఉన్నారనీ, చూసినవారు చెప్పిన మాట పాకి హాళ్లు నిండాయనీ ఆనాటివారు నేటికీ చెప్పుకుంటారు.

తరువాతి చరిత్ర అందరెరిగినదే. 27వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో సంపూర్ణ వినోదం అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా ఇది ఎంపికైనది. మహదేవన్‌కు సంగీత దర్శకునిగా, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం ఇరువురికీ గాయకులుగా అదే సంవత్సరం జాతీయ పురస్కారాలు లభించినవి. 1981లో ఫ్రాన్సు దేశంలోని బెజాన్సన్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి దక్కినది. తెలుగు అక్షరం ఎరుగని ప్రేక్షకులు ఇచ్చిన బహుమతి కనుక దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. 1985లో విశ్వనాథ్ స్వయంగా ఇదే కథను గిరీశ్ కర్నాడ్, జయప్రదలతో హిందీలో ‘సుర్ సంగమ్’గా రూపొందించారు.

పాట చేయవలసిన పని

మన చిత్రాలలో పాటలకు కొదువ లేదు. కానీ పాటలున్న ప్రతి చిత్రమూ సంగీత చిత్రం కాజాలదు. దీనిని గుర్తించడానికి ఒక సులభమైన పరీక్ష ఉన్నది. పాటను తీసివేసినా కథ చెక్కుచెదరకుండా ముందుకు సాగితే, ఆ పాట అలంకారం మాత్రమే. పాట తీసివేయగానే కథ కుంటుపడితే, అక్కడ పాటే కథ.

‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ఈ పరీక్షకు నిలుస్తుంది. భార్యను కోల్పోయిన నౌకాదళ కెప్టెన్ ఒకడు తన ఏడుగురు బిడ్డలను ఈలతో పిలుస్తూ, ఇంటిలో పాట అన్నది లేకుండా చేస్తాడు. సన్యాసినుల మఠం నుండి శిక్షకురాలిగా వచ్చిన మరియా ఆ పిల్లలకు స్వరాలు నేర్పుతుంది. ఒకనాడు తన బిడ్డల గానం విని కెప్టెన్ తానూ గొంతు కలుపుతాడు. ఆ క్షణాన ఇల్లు మారుతుంది, మనిషి మారుతాడు. ఆ మార్పును తెచ్చినది సంభాషణ కాదు, పాట. ఆస్ట్రియాలోని ట్రాప్ కుటుంబం నిజ జీవితం ఆధారంగా 1959లో రంగస్థల రూపకంగా వెలువడి, పిదప రాబర్ట్ వైజ్ దర్శకత్వంలో చిత్రమైన ఈ కథకు ఉత్తమ చిత్ర బహుమతితో సహా ఐదు ఆస్కార్ బహుమతులు వచ్చినవి.

‘శంకరాభరణం’ కూడా ఇదే పరీక్షకు నిలిచిన చిత్రం. కథ క్లుప్తంగా ఇది. శంకరాభరణ రాగంలో నిష్ణాతుడుగా ఖ్యాతి గన్న శంకరశాస్త్రిని, వేశ్యాకులంలో పుట్టిన తులసి గురువుగా, దైవంగా భావిస్తుంది. తల్లి ధనాశ వలన ఒక జమీందారు చేతిలో ఆమె మానభంగానికి గురి అవుతుంది. తన గురువును అవమానించిన ఆ దుర్మార్గుని ఆమె హతమారుస్తుంది. శాస్త్రి ఆమెకు తన ఇంట ఆశ్రయమిస్తాడు. లోకం ఇద్దరినీ నిందిస్తుంది. ఆయన కీర్తికి మచ్చ రాకూడదని తులసి వెళ్లిపోతుంది. సంవత్సరాలు గడుస్తవి, శాస్త్రీయ సంగీతానికి ఆదరణ సన్నగిల్లి శాస్త్రి పేదరికంలో పడతాడు. తులసి తన కుమారుని అనాథగా ఆయన ఇంట చేర్చి శిష్యుని చేస్తుంది. చివరకు ఆయన పేర ఒక సభాభవనం నిర్మింపజేసి, కచేరీ ఏర్పాటు చేయిస్తుంది. ఆ కచేరీలో పాడుతూ శాస్త్రి దగ్గుతో కుప్పకూలగా, ఆగిన చోట నుండి ఆ బాలుడు పాట అందుకుంటాడు.

ఈ చివరి ఘట్టాన్ని పాట లేకుండా ఊహించి చూడండి. ఒక వృద్ధుడు మరణించినాడు, ఒక బాలుడు పక్కన ఉన్నాడు. అంతే మిగులుతుంది. పాట ఉండడం చేతనే అక్కడ విద్య ఒక కంఠం నుండి మరొక కంఠానికి చేరడం మన కళ్లెదుట జరుగుతుంది. ఏ ఉపన్యాసమూ ఇంత స్పష్టంగా ఈ విషయం చెప్పలేదు.

ఒకటే మెట్లు, మూడు నడకలు

రెండు చిత్రాలకూ మరొక బంధుత్వం ఉన్నది. మరియా పిల్లలకు నేర్పే ‘డో రె మి’ పాఠం పాశ్చాత్యులు మేజర్ స్కేలు అని పిలిచే స్వరవరుస. షడ్జమం, చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కాకలి నిషాదం అనే ఏడు స్వరాలు కలిస్తే మన 72 మేళకర్తలలో 29వదైన ధీర శంకరాభరణం. స్వరస్థానాలు లెక్కిస్తే రెండూ ఒకటే! ఉత్తరాది హిందుస్తానీ సంగీతంలో ఈ వరుసనే బిలావల్ థాట్ అంటారు. సాల్జ్‌బర్గ్ కొండలపై పిల్లలు ఎక్కిన మెట్లూ, మన శంకరశాస్త్రి ఎక్కిన మెట్లూ, ఉస్తాదుల శిష్యులు ఎక్కిన మెట్లూ అవే.

అయితే మెట్లు ఒకటైనంత మాత్రాన నడక ఒకటి కాదు. పాశ్చాత్య సంగీతంలో స్వరం తన స్థానంలో నిలకడగా ఉండి, పక్క స్వరాలతో కలిసి ఏకకాలంలో మోగినప్పుడు అందం పొందుతుంది. కర్ణాటక సంగీతంలో స్వరం గమకంతో ఊగుతూ, ముందు వెనుకల స్వరాలను తాకుతూ సాగుతుంది. అందుచేత ఒకటే వరుస ఒకచోట పిల్లల ఆటపాటగా, మరొకచోట గంభీరమైన రాగంగా వినిపిస్తుంది. ముత్తుస్వామి దీక్షితులు మద్రాసు ప్రాంతంలో తెల్లవారి బ్యాండు వరుసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చి ‘నోట్టు స్వరాలు’ అనే రచనలు చేసినారు. బ్రిటిషు రాజగీతం వరుస కూడా వాటిలో ఉన్నది. ఆ రచనలన్నీ శంకరాభరణంలో ఇమిడినవే. రెండు వందల ఏండ్ల క్రిందట అంతటి విద్వాంసుడు పరాయి బాణీని పరాయిదని తోసివేయలేదు. చిత్రంలో శంకరశాస్త్రి పాశ్చాత్య బాణీలు పాడే యువకులపై మండిపడిన ఘట్టం చూసి, మన సంగీతానికీ ఇతర సంగీతాలకూ వైరమే ఉన్నదని భావించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది.

ఆ చిత్రాన్ని తయారు చేసిన చేతులను చూసినా ఇదే తెలుస్తుంది. మహదేవన్ నాగర్‌కోయిల్ ప్రాంతానికి చెందిన తమిళుడు. బాలు మహేంద్ర శ్రీలంకలో పుట్టిన తమిళుడు. బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయ సంగీతం పద్ధతిగా అభ్యసించినవాడు కాడు. అయినను వినికిడి చేతను, కృషి చేతను ఆ పాటలకు న్యాయం చేసినాడు. వెల్లూరులో పుట్టిన వాణీ జయరాం కర్ణాటక సంగీతంతో పాటు బొంబాయిలో పటియాలా ఘరానాకు చెందిన ఉస్తాద్ అబ్దుల్ రహమాన్ ఖాన్ వద్ద హిందుస్తానీ సంగీతం నేర్చుకున్న విదుషి. ఇక వేటూరి, మహదేవన్ ఇరువురూ 1977లో జనాన్ని ఉర్రూతలూగించిన ‘అడవి రాముడు’ పాటలు కూర్చినవారే. శాస్త్రీయం, లలితం అనే గోడ మనం అనుకున్నంత ఎత్తైనది కాదు.

గోల్కొండ నుండి వినిపించే గానం

ఈ చిత్రంలో వేటూరి రచనలతో పాటు పూర్వ వాగ్గేయకారుల రచనలూ ఉన్నవి. వాటిలో భద్రాచల రామదాసు కీర్తనలు మన ప్రాంతం వారికి ప్రత్యేకంగా ఆత్మీయమైనవి. రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కాలంవాడు. తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న, మాదన్నలకు గోపన్న మేనల్లుడు. ప్రభుత్వ ధనంతో భద్రాచలంలో ఆలయం నిర్మించినాడన్న నేరంపై ఆయనను గోల్కొండ కోటలో బంధించినారు. రామలక్ష్మణులే వచ్చి సుల్తానుకు పైకం చెల్లించి భక్తుని విడిపించినారని ఐతిహ్యం. ఆ కథలో సుల్తాను కేవలం శిక్షించిన ప్రభువు కాడు. దైవదర్శనం పొందిన ధన్యుడు కూడా. తెలుగు ప్రజ ఒక ముస్లిం ప్రభువును తన భక్తి కథలో ఆ విధంగా నిలుపుకొన్నది.

ఆ తానీషాను 1687లో ఔరంగజేబు ఓడించి దౌలతాబాదు కోటలో బంధించగా, అక్కడే ఆయన కన్నుమూసినాడు. ఖైదు చేసిన వాడూ చివరకు ఖైదీయే అయినాడు. రాజ్యం పోయినది, ఖైదీ పాడిన పాట మిగిలినది. ఆ పాటను త్యాగరాజు తలచుకున్నాడు. భజన గోష్ఠులు కాపాడినవి. 1980లో విశ్వనాథ్ తన చిత్రంలోనికి తెచ్చుకున్నాడు. పటియాలా ఉస్తాదు వద్ద విద్య నేర్చిన గాయని గొంతులో గోల్కొండ ఖైదీ కీర్తన పలికినది. తులసి పాత్ర ధరించిన మంజుభార్గవి వెంపటి చినసత్యం శిష్యురాలు. ఆమె అభ్యసించిన కూచిపూడి నృత్యానికి పుట్టినిల్లయిన గ్రామాన్ని భాగవతులకు దానమిచ్చినది తానీషాయేనని మరొక ఐతిహ్యం. మన పారిశ్రామికవాడ నుండి గోల్కొండ ఏమంత దూరం కాదు. “ఇందులో మాకేమున్నది?” అనే విద్యార్థికి ఈ సమాధానం చేరువలోనే ఉన్నది.

ఉర్దూ పాఠకులకు ఇటువంటి ఉదాహరణ మరొకటి సుపరిచితం. 1952లో వచ్చిన ‘బైజూ బావ్‌రా’ చిత్రంలో మాల్‌కౌంస్ రాగంలోని హరి భజనను రచించినది షకీల్ బదాయూనీ, స్వరపరచినది నౌషాద్, పాడినది మహమ్మద్ రఫీ. కళ ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు ఆ ముగ్గురూ పని చేసి చూపి సమాధానమిచ్చినారు.

వారసుడెవరు?

మా దృష్టిలో ‘శంకరాభరణం’ నిలిచి ఉండడానికి అసలు కారణం ఇక్కడ ఉన్నది. పైకి అది సంప్రదాయాన్ని కొనియాడే చిత్రంగా కనిపిస్తుంది. లోపల అది అడిగే ప్రశ్న వేరు. ఈ విద్యకు వారసుడెవరు? శాస్త్రికి కుమార్తె ఉన్నది, కుటుంబం ఉన్నది. కానీ ప్రాణం పోయే వేళ ఆయన తన గండపెండేరాన్ని తొడిగినది ఎవరికి? లోకం కులహీనురాలని నిందించిన తులసి బిడ్డకు. తండ్రి పేరు చెప్పుకోలేని బాలునికి. పండితుని కాలికి సన్మానంగా తొడిగే ఆభరణం గండపెండేరం. అది ఆ బాలునికి దక్కడంతో, విద్యకు వారసత్వం రక్తం వలన గాక సాధన వలన వస్తుందని చిత్రం తీర్పు చెప్పినది. ఆచారాలు మనిషిని మంచి దారిన నడపడానికే గాని, కులం పేర విడదీయడానికి కావన్న అర్థంలో శాస్త్రి చేత దర్శకుడు మాటలు కూడా పలికించినాడు. కానీ మాటల కంటె చివరి చర్య బలమైనది.

ఇందుకు ప్రతిబింబం వంటి చిత్రాన్ని విశ్వనాథే 1992లో ‘స్వాతికిరణం’ పేర అందించినారు. అందులో మలయాళ నటుడు మమ్ముట్టి కర్ణాటక సంగీత గురువు అనంతరామశర్మ పాత్ర ధరించినారు. అక్కడి గురువు శిష్యుని ప్రతిభను చూసి అసూయపడతాడు. ఆ అసూయకు బాలుడు బలి అవుతాడు. విద్యను ఇచ్చిన గురువు చనిపోయినా జీవించినాడు, విద్యను దాచుకోజూచిన గురువు బ్రతికి ఉండీ నశించినాడు. రెండు చిత్రాలూ కలిపి చూసినవారికి ఈ సత్యం పూర్తిగా బోధపడుతుంది.

విమర్శకు చోటు

ఎంత గొప్ప కృతియైనా విమర్శకు అతీతం కాదు. తులసి పాత్రకు ‘శంకరాభరణం’ పూర్తి న్యాయం చేయలేదన్న మాట కాదనలేనిది. ఆమె నర్తకి, విద్య గలది, ధనాన్ని గురువు కోసం, కుమారుని కోసం వినియోగించిన వివేకవతి. అయినను ఆమె కళ వెలుగు చూడదు. కుమారుడు వేదిక ఎక్కగా, తాను గురువు పాదాల చెంత ప్రాణం విడుస్తుంది. బిడ్డకు ఇచ్చిన న్యాయం తల్లికి ఎందుకు దక్కలేదని నేటి విద్యార్థిని అడిగితే, ఆ ప్రశ్నను మేము హర్షిస్తాము. విచిత్రమేమంటే, ఆ బాలుని పాత్రను తెరపై పోషించినది తులసి అనే బాలికయే! పాశ్చాత్య సంగీతాన్ని వెక్కిరింతకు తగినదిగా మాత్రమే చూపడం మరొక లోపం. శంకరాభరణ స్వరాల చరిత్ర తెలిసినవారికి ఆ వెక్కిరింత తొందరపాటుగా తోచక మానదు.

అయితే ఈ లోపాలు ఉండీ చిత్రం నిలిచినది. అందులోని ప్రధాన సంఘటన ఏ కాలంలోనూ పాతబడేది కాదు. తెలిసినవాడు తెలియనివానికి నేర్పడం, నేర్చినవాడు నేర్పినవాని పనిని కొనసాగించడం ప్రతి ఇంటా, ప్రతి పాఠశాలలో, ప్రతి కర్మాగారంలో జరిగే పనులే. యంత్రం ముందు నిలిచి కొత్త కుర్రవానికి చేతిపని నేర్పే అనుభవజ్ఞుడైన కార్మికుడు చేసేదీ, మదరసాలో పఠనం నేర్పే ఉస్తాదు చేసేదీ, శంకరశాస్త్రి చేసినదీ మూలంలో ఒకటే. సాల్జ్‌బర్గ్ పిల్లల పాటకు తెలుగువారు మురిసినా, గోదావరి తీరపు శాస్త్రి పాటకు ఫ్రాన్సు ప్రేక్షకులు చప్పట్లు కొట్టినా, కారణం ఇదే.

‘శంకరాభరణం’ నిర్మాతలలో, కళాకారులలో పలువురు నేడు లేరు. మహదేవన్, జంధ్యాల 2001లో, సోమయాజులు 2004లో, వేటూరి 2010లో, ఏడిద నాగేశ్వరరావు 2015లో, బాలసుబ్రహ్మణ్యం 2020లో కన్నుమూసినారు. విశ్వనాథ్ 2023 ఫిబ్రవరి 2న, అనగా చిత్రం విడుదలైన నాటికి సరిగా 43 సంవత్సరాలు నిండిన దినాననే పరమపదించినారు. రెండు రోజులకు వాణీ జయరాం కూడా వెళ్లిపోయినారు. వారు పాడిన పాట ఇప్పుడు మనది. దానిని విని ఆనందించడం సులభం. అందులో చెప్పినట్లు, నేర్చుకోవాలని గడప దాకా వచ్చిన బిడ్డ పుట్టుక అడగకుండా తలుపు తీయడం కష్టం. విద్యార్థి మిత్రులు ఆ చిత్రాన్ని మరొకసారి చూసేటప్పుడు చివరి పాటను శ్రద్ధగా గమనించవలసినదిగా కోరుతున్నాము. పాట ఎవరు మొదలుపెట్టినారో అందరికీ గుర్తుంటుంది. ఎవరు పూర్తి చేసినారో గుర్తుంచుకోవడం మన బాధ్యత.